గోనెపట్ట మీద ఇంటిపేరు

వరంగల్ చౌరస్తాల దుకాణపాయన
పేరేసిన డోర్‌మ్యాట్‌కు ఆరువందల యాభై అన్నడు.
బేరమాడబుద్ధి గాలే.
ఆరువందల యాభైకి మా ఇంట్లె
పదిహేను దినాలు పాలొస్తయి.

ఆటోల పూజిత మెల్లగ అన్నది,
"అమ్మా, మనమే చేస్కుందాం."

బస్తా ఉన్నది.
ఎనుమాముల యార్డుల హమాలీ పనిజేసే మొగిలి
మొన్న తెచ్చిండు, అడుగు చినిగిన మిర్చి బస్తా.
రెండు దినాలు బకెట్ల నానేసిన.
మొదటి నీళ్ళు ఎర్రగ, రెండో నీళ్ళు ఎర్రగ,
మూడోసారికి రంగు పోయింది గని తుమ్ములు పోలే.
పక్కపోర్షన్ల ఖమరున్నీసా
గోడవతల నుంచి తుమ్ముకుంట తిట్టింది,
తిట్టుకుంటనే వచ్చి బస్తా తీసుకపోయి
తన మిషన్ మీద నాలుగంచులు కుట్టుకొచ్చింది.
పైసలు అడగలే. దారం మాత్రం నాదే.

రంగు కొనలే.
ఓనర్ గేటుకేసిన నీలం
డబ్బా అడుగున మిగిలితే మెట్లకింద పడేసిండ్రు.
పైన మీగడ గట్టింది.
పుల్లతోటి మీగడ తీస్తే కింద పచ్చిగనే ఉన్నది.
టర్పెంటైను నలభై, బ్లేడు మూడు,
ఖర్చంటే గదే.

అచ్చుకు అట్ట నిలవది, తడికి మెత్తబడ్తది.
మా అత్త కొమురమ్మ ఛాతి ఎక్స్‌రే
ఎంజీఎంల తీసింది, ఐదేండ్ల సంది పరుపుకింద ఉన్నది.
"దగ్గు తగ్గిపాయె. నాకెందుకది, కొయ్యుర్రి."
పక్కటెముకల మీద పెన్నుతోటి రాసి
బ్లేడు పట్టినం.

కోస్తుంటె తెలిసింది తెలుగు ఎంత గుండ్రటిదో.
అల్కగుంటదని పూజిత సున్నతోటి మొదలువెట్టింది.
చుట్టూ కోసేసరికి నడుమ ముక్క రాలిపడ్డది,
సున్న పోయి బొట్టయింది.
ఇగ మిగిలిన అచ్చరాల పొట్టలకు
సన్న సన్న వంతెనలు ఇడిసింది.
'ట్ల' కింది ఒత్తు రెండుసార్లు తప్పింది.
అంత అయినంక ఎండకు పట్టి చూస్తే
అత్త ఊపిరితిత్తుల నడుమ నుంచి
'కందగట్ల' అని నేల మీద ఎండ పడ్డది.

ఇల్లు లేనోళ్ళకు ఇంటిపేరెందుకని
నేననుకోలేదా, అనుకున్న.
గేటు మీది పాలరాయి ఓనర్‌ది.
కరెంటు బిల్లు ఓనర్ పేర్న.
మాకొచ్చే కాయితాల మీద గూడ
కేరాఫ్ అని ఆయనే.
గోడకు మొల కొట్టొద్దని దిగిననాడే చెప్పిండు.
గోనెపట్టకు మొల అక్కర్లేదు.

పాత పరుపు నురగతోటి అద్దినం,
గడపముందు ఏసినం.
మొదలు మొగిలి వచ్చిండు,
పిక్కల దాక మిర్చి దుమ్ము.
ఆగిండు. చదివిండు. దాటుకొని లోపలికి వచ్చిండు.
కొమురమ్మ మోకాళ్ళు మర్చిపోయి
దుంకినంత పని చేసింది.
"అచ్చరాల మీద కాలువెడ్తార్రా ఎవరన్నా?
మీ మామ రేషన్‌కార్డుల మూడుసార్లు దిద్దిచ్చిన పేరది."
ఖమరున్నీసకు తెలుగు చదవరాదు.
ఆమె గూడ దాటే వచ్చింది.
"ఏం రాసున్నదో నాకేం ఎరుక,
రాసైతే ఉన్నది గదా."

వారం దినాలు
పట్ట కడిగిన ముత్యం లెక్క,
ఇల్లంత ఎర్రదుమ్ము.
ఊడ్చీ ఊడ్చీ నా నడుము పడిపోయింది.

ఆఖరికి అత్తనే దాన్ని తిరగేసింది.
"పేరు కిందికుండనియ్యి, భూమి సదువుకుంటది.
మనం ఎనుకదిక్కు తుడుసుకుందాం."

నడి ఎండకాలం.
పాత రంగు పైకే ఆరి లోపల ఆరదని
మాకెవరు చెప్పిండ్రు?
నెలకు, కడుగుదామని లేపితే
షాబాదు బండ వదల్లే.
గుంజితే పట్ట చర్రున ఊడొచ్చింది.
బండ మీద నీలంగ మా పేరు,
అద్దంల చూసినట్టు తిరగబడి.
సీసాల మిగిలిన టర్పెంటైను పోసి రుద్దిన.
'కంద' పోయింది.
వెనకటి రెండచ్చరాల కాడికొచ్చేసరికి
సీసా ఖాళీ.

ఐదో తారీఖు ఓనర్ కిరాయికొచ్చిండు.
వంగి చూసిండు. చెప్పుతోటి గీకి చూసిండు.
"ఇదేందమ్మా, నా బండ మీద?"
పూజిత చున్నీ నోట్ల కుక్కుకొని లోపలికురికింది.
నాకు అబద్ధం తోచలే.
ఉన్నదే చెప్పిన,

"గట్ల, సారు."