పొర నాలుగు

మొదటి వారం మాకు తవ్వుడు నేర్పలే.
దారం కట్టుడు నేర్పిండు సారంగపాణి సారు.
నాలుగు మేకులు, ఐదు మీటర్ల టేపు, ఉత్తరం చూపే ముల్లు.
"మూల తప్పితే యుగం తప్పుతది" అని
కట్టిన దారాలు విప్పించి మళ్ళ కట్టించిండు.

రెండో వారం తాపీ చేతికిచ్చిండు.
గోడలు కట్టే తాపీతోటి
గోరంత మందం మట్టి గీకుడు.
హనుమకొండ హాస్టల్‌ల పెన్ను తప్ప పట్టని వేళ్ళు
బొబ్బలెక్కి, పగిలి, మొద్దుబారినయి.
నుస్రత్ జల్లెడ పట్టుకొని తుమ్ముతాంటే
కూలికొచ్చిన పోశవ్వ నవ్వింది:
"బియ్యం జెరుగ రాదుగని, మన్ను జెరుగుతానవా బిడ్డా!"

ఊరోళ్ళు వీటిని రాకాసిగుళ్ళంటరు.
పత్తిచేను దాటితే గుట్ట,
గుట్ట వాలున గుండ్రంగ పేర్చిన బండలు.
లెక్కకు ఇరవై మూడు.
లెక్కకు రానివి ట్రాక్టరు దున్నింది.
వాటి కిందనే, తుమ్మకంప అవతల, ఇప్పటి బొందలగడ్డ.
మూడువేల ఏండ్ల నడుమ
ఒక్క మేకలబాటనే అడ్డం.

కుండపెంకు దొరికిన నాడు ఉరికిన.
లోపల నలుపు, బయట ఎరుపు.
పుస్తకంల చదివిందంత ఒక్క గుక్కల అప్పజెప్పిన.
సారు తలూపిండు.
కుమ్మరి ఓదెలు తాత మాత్రం
పెంకును అరచేతుల బోర్లించి
అంచు కింది గుంటల తన బొటనవేలు పెట్టిండు.
సరిగ్గ సరిపోయింది.
"ఎడమచేతి మనిషి" అన్నడు.
"ఆరకముందే ఎవలో పిలిస్తే లేచిండు. సూడు, ఈడ జారింది."
రంగు, మందం, కాల్పు, అంచు:
నా నోటుబుక్కుల ఉన్న గడులు గవ్వే.
ఎవలో పిలిచినరని రాసేటందుకు
పక్కకు ఇంకో గీత గీసుకున్న.

ఆదివారం ఊరోళ్ళను పిలిచినం.
బడిపిల్లలు, సర్పంచి,
కొమురెల్లి గుడ వచ్చిండు, కౌలురైతు,
ఆ మూల ఈ ఏడు పత్తి పెట్టనియ్యలేదని మామీద కోపమున్నోడు.
చెప్పుమని సారు నన్ను ముందుకు నెట్టిండు.
"బృహత్ శిలా సంస్కృతి..." అన్న.
ఒక మేక అరిచింది. ఇంకెవలూ ఏమనలే.
నుస్రత్ నా మోచెయ్యి గిల్లింది.
మళ్ళ మొదలువెట్టిన:
"గీ బండ మొయ్యాల్నంటే ముప్పైమంది గావాలె.
అంటే సచ్చినోడు ముప్పైమందికి గావల్సినోడు."
కొమురెల్లి బండ చుట్టు ఒకసారి తిరిగొచ్చి అడిగిండు:
"మరి ముప్పైమందికి బువ్వ ఎవలు వెట్టిన్రు?"
సారు జేబులకెల్లి కాగితం తీసి
ఆ ప్రశ్న రాసుకున్నడు.

నాలుగో పొరల, రాతిపెట్టెకు ఆనుకొని చిన్న కుండ.
లోపల మన్నుల మన్నయి పుల్లంత ఎముక,
ఇంకా మొలవని పాలపన్ను ఒకటి.
నా చేతుల కుంచె ఆగింది.
పోశవ్వ గంప దించింది.
"ఏం రాస్తానవు?"
"ట్రెంచి రెండు. పొర నాలుగు. అస్థి. శిశువు."
"పేరు?"
"పేరు తెల్వదవ్వా."
"నా బిడ్డకు గుడ పెట్టలే.
ఇరవయ్యొక్కటి కాకముందే పాయె."
బొందలగడ్డ దిక్కు సూడలే,
గంప దిక్కు సూసుకుంటనే అన్నది.
మళ్ళ మన్ను ఎత్తుకున్నది.

తెల్లారి మంచుల వచ్చి సూస్తే
ట్రెంచి అంచున మోదుగాకు,
ఆకుల ఇంత బువ్వ, ఉడుకవెట్టిన గుడ్డు,
జానెడు పసుపు దారం.
అలవాటుగ స్కేలు తీసి పక్కన పెట్టబోయిన.
"స్కేలొద్దు" అన్నడు సారు.
కొంచెం ఆగి, "ఫొటో గుడ."
ఎండ పొడిచేదాక అందరం జల్లెడ కాడనే కూసున్నం.
చీమలొచ్చినయి.
చాన సేపటికి ఒక గోరింక.

ఆ దినం డైరీ నా చేతిరాతల ఇట్లున్నది:
పొద్దున ఏడు. మంచు. గాలి లేదు.
పని రెండు గంటలు ఆలస్యం.
కారణం అన్న గడిల ఏం లేదు.
కింద సారు సంతకం.