ఎనిమిది

జహ్రా దాటినంక ఎడారిల బారక్‌లు,
ఆఖరుది శిక్షణ గది.
ఏసీ నీళ్లు బకెట్ల పడుతుంటయి, నేను పారబోస్త.
పేరు ఓదెలు, మెట్‌పల్లి దిక్కు.
ఇక్కడ అందరూ "చాయ్" అనే పిలుస్తరు.

ప్రతి ఆదివారం కెప్టెన్ బదర్ గోడ మీద బొమ్మలేస్తడు:
నొక్కినా లేచే స్ప్రింగు,
గాలికి వంగిన ఖర్జూర చెట్టు.
నాలుగు లెక్కపెట్టి ఊపిరి తీయండి,
నాలుగు లెక్కపెట్టి ఆపండి.
ముప్పై మంది ఒక్కసారే ఆపుతరు,
పరేడ్ల తుపాకి దించినట్టు.

ఆఖరుకు ఒక కాగితం.
రాత్రి నిద్రకు పదిల ఎన్ని మార్కులు?
కింద పేరు, నంబరు.
అందరిదీ ఎనిమిదే.
అరబ్బీల ఎనిమిది గుడారం లెక్క ఉంటది,
ముప్పై మందీ అండ్లనే దూరిండ్రు.

చెత్తబుట్ట మాత్రం నాది.
నలిపి పడేసినయి విప్పి సాపు చేస్తే
రెండు, కొట్టేసి అయిదు, అదీ కొట్టేసి...
ఇంకోదాంట్ల మూడు, పెన్ను దిగి కాగితం చినిగింది.
ఒకదాని మీద అంకే లేదు,
తడి ఆరిన మరక.

నేనూ ఎనిమిదులు చెప్పినోన్నే.
పదిహేడేండ్ల ఫౌజు.
లద్దాఖ్ పైన మంచు విరిగి పడ్డంక
మలైచామి చేతిగడియారం
తెల్లారి అయిదింటికి కిందికెళ్లి మోగింది.
తవ్వినం. మర్నాడు మల్ల మోగింది.
మూడోనాడు మోగలె.
డాక్టరు అడిగితే "ఫస్ట్ క్లాస్ సాబ్" అన్న.
ఇంట్ల అలారం ఎందుకు పెట్టనియ్యనో
మా లసుమవ్వ ఇప్పటికీ అడగది.

పేర్లున్న కొసలు చింపి పొయ్యిల వేసిన.
మిగిలినయి మడిచి, చక్కెర డబ్బా కింద,
చాయ్‌తోని కెప్టెన్ ముందర దించిన.
ఆయన చదివిండు. చాయ్ మీద మీగడ కట్టింది.
"ఎవరివి?" అన్నడు.
నాకు అరబ్బీ రాదన్న.
పన్నెండేండ్ల సంది వస్తది.

తర్వాతి ఆదివారం గోడ మీద బొమ్మ లేదు.
కుర్చీలు గుండ్రంగ వేయమన్నడు.
కాగితం మీద పేరు గీత లేదు.
బోర్డు మీద ముందుగల్ల తనదే రాసిండు: మూడు.
మిషాల్ అనే పోరడు ఏదో చెప్పబోయి
బూటు లేసు విప్పిండు, కట్టిండు,
మల్ల విప్పిండు.
అందరూ ఆగిండ్రు.
అట్లాంటి ఆగుడు నేను ఏ ఫౌజుల చూడలె.

ఒక కాగితం మిగిలింది.
"చాయ్, నీకు?" అన్నడు కెప్టెన్.

వంటింట్ల కూసొని
అలవాటు కొద్ది గుడారం గీసిన.
కాగితం తలకిందులు చేస్తే ఏడైంది.
అదీ అబద్ధమే.
గిన్నెల నీళ్లు మరిగి మరిగి
సగమైనయి.