మూడో చానెల్

సొదన్‌క్యులాలో జనవరి సూర్యుడు
పని ఎగ్గొట్టే గుమాస్తా.
మధ్యాహ్నం కాసేపు ముఖం చూపించి
హాజరు వేయించుకుని వెళ్ళిపోతాడు.
రోడ్లకి ఆ వెసులుబాటు లేదు.
వాటిని తెరిచి ఉంచడానికి పదకొండు మంచు లారీలు,
అన్నిటికీ కలిపి ఒక రేడియో,
రేడియోకి ఇవతల నేను, హిల్కా,
సగం కొరికిన ఏలకుల రొట్టె,
చల్లారిన కాఫీ.

మా రాత్రి షిఫ్టుకి ఒక ఆనవాయితీ ఉంది.
ఎవరి పుట్టినరోజైతే వాళ్ళు
తెల్లవారుజామున మూడింటికి, మూడో చానెల్లో,
రాబోయే ఏడాదికి ఒక పని ఒప్పుకోవాలి.
ఒక్కటే. రెండు చెప్పినవాళ్ళు
రెండూ చెయ్యరని ఎవరో ఎప్పుడో తేల్చారు.
విన్నవాళ్ళు "రాసుకున్నాం" అనాలి.
నిజంగా రాసేది నేనొక్కదాన్నే,
డీజిల్ లెక్కల పుస్తకం వెనక పేజీల్లో.

రైమో: పొగాకు మానేస్తా.
మరుసటేడు రైమో: పొగాకు మానేస్తా.
ఆ పై ఏడు గొంతు సవరించుకుని
"పోయినేటిదే" అన్నాడు, దగ్గుతూ.
రాసుకున్నాం.

తౌనోకి యాభై తొమ్మిది నిండిన రాత్రి:
"దారికి అడ్డంగా రెయిన్‌డీర్ నిలబడితే తిట్టను."
మార్చి పన్నెండున తిట్టాడు.
తనే రేడియోలో ఒప్పుకున్నాడు.
"ఎంత తిట్టినా కదల్లేదు హిల్కా,
దిగి క్షమించమన్నా, అప్పుడు కదిలింది."
ఆ పద్దు పక్కన నక్షత్రం గీశాను.
ఆ గుర్తుకి అర్థమేమిటో నాకూ తెలీదు.

ఆంతే చిన్నవాడు, ఇరవై రెండు.
"మా అమ్మమ్మ సామీ భాషని
ఆవిడకి కోపం తెప్పించేంత బాగా నేర్చుకుంటా" అన్నాడు.
జూన్‌లో ఆవిడ చెక్క గరిటె పట్టుకుని
పడవల రేవు దాకా తరిమిందట.
పుస్తకం మొత్తంలో
పూర్తయిందని గీత పడ్డది అదొక్కటే.

సేయా ఒక ఏడాది ఏమీ చెప్పలేదు.
మీట మాత్రం నొక్కి పట్టుకుంది, ఇరవై సెకన్లు.
వైపర్ల చప్పుడు వినబడింది.
అటు, ఇటు. అటు, ఇటు.
ఆమె భర్త వెళ్ళిపోయిన చలికాలం అది.
ఆ చప్పుడే రాసుకున్నాం.

ఇవాళ నాకు నలభై నాలుగు.
ఇన్నేళ్ళూ అడిగే కుర్చీలో కూర్చుని తప్పించుకున్నాను.
జీతాల కాగితంలో తేదీ పట్టేశాడు ఆంతే.
సరే, ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద
ఏడు రాసి పెట్టుకున్నాను:
మంచు మీద స్కీలతో సరస్సు దాకా పోయి రావడం,
పన్ను డాక్టరు బాకీ,
పగటినిద్రకి మందపాటి తెర,
వాసాలో ఉన్న చెల్లికి
ముందు నేనే ఫోన్ చెయ్యడం,
ఇంకో మూడు.
చూడ్డానికి ముచ్చటగానే ఉంది,
ఎవరింటి గోడ మీదో చదివినట్టు.

మూడయింది. బయట మైనస్ ముప్పై ఒకటి.
"హిల్కా, నీ పని చెప్పు."
వేలసార్లు నొక్కిన మీట
వేలికి కొత్తగా తగిలింది.
ఏడింట్లో ఒక్కటీ నోటికి రాలేదు.
వచ్చింది ఇది:

"ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే
బాగున్నా అనేసే ముందు
ఒకసారి వెతుక్కుంటా,
ఎలా ఉన్నానో."

చానెల్లో గరగర.
ఎక్కడో ఒక లారీ బ్లేడు తారుని గీరిన శబ్దం.
నోరు జారానేమో.
మాట మార్చుదామని
డీజిల్ ఎంత మిగిలిందని అడగబోయాను.
అప్పుడు రైమో దగ్గు.
"రాసుకున్నాం."
తౌనో, "రాసుకున్నాం."
ఒకరి తర్వాత ఒకరు, చీకట్లోంచి,
ఏ ఒక్కరి దగ్గరా కాగితం లేనివాళ్ళు.

ఆరింటికి బళ్ళు తిరిగొచ్చాయి.
ఊడ్చిన దారుల మీద అప్పుడే మళ్ళీ మంచు.
దానికెవరూ బాధపడరు, జీతమే అందుకు.
చేతి తొడుగులు పళ్ళతో లాగేస్తూ
సేయా లోపలికొచ్చింది.
"ఎలా ఉన్నావ్?"

"వెతుకుతున్నా" అన్నాను.

ఆమె కోటు విప్పలేదు, ఏమీ అనలేదు.
నా బల్ల అంచున కూర్చుంది,
బూట్ల మీది మంచు కరిగి
నేల మీద చిన్న మడుగు కట్టేదాకా.