తవిటమ్మ రాళ్ళు

గిరిసోల గేటు దాటాక నాలుగు కిలోమీటర్లు,
పెట్రోలు బంకు వెనక రెండు ఛార్జింగు గన్నులు.
ఒకటి ఎప్పుడూ పాడే.
రేట్ల బోర్డు ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది:
యూనిట్‌కి ఇరవై రెండు, పైన జీఎస్టీ,
నిండాక పది నిమిషాలు ఉచితం,
ఆ తర్వాత నిమిషానికి ఐదు.
తెలుగులో మాత్రం తవిటమ్మే చెబుతుంది,
టీ వడకడుతూ.

ఆ రాత్రి నా బండిలో
విశాఖ కొట్లు తిప్పి పంపిన బరంపురం పట్టుచీరలు,
బేటరీలో నాలుగు శాతం.
సోంపేట నుంచి ఏసీ లేదు, పాట లేదు,
ఒక లారీ వెనక నక్కి
ముప్ఫైలో దేక్కుంటూ వచ్చాను.
ఇల్లు ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు.
పది నిమిషాలు దొరికితే చాలు.

గన్ను దగ్గర కలకత్తా నంబరు నల్ల బండి.
తొంభై నాలుగు అని మెరుస్తోంది అంకె,
తొంభై ఐదవడానికి దానికి తొందరేమీ లేదు.
లోపలాయన సీటు వాల్చి నిద్ర.

"ఇదిగో నీ రాయి" అంది తవిటమ్మ.
బాహుదా ఏట్లో ఏరిన గుండ్రాయి, అరచేతిలో చల్లగా.
"వరసలో ఎట్టు.
గన్ను దొరికితే తీసి అద్దం కాడెట్టుకో,
ఎల్లినప్పుడు ఇచ్చీ."
బరంపురంలో కుమ్మరి వీధి కుళాయి దగ్గర
ఆమె చిన్నప్పుడు ఇదే పద్ధతట.
కుండ తేలేనివాళ్ళ బదులు రాయి నిలబడేది.
నిండిన కుండని కుళాయి కిందే వదిలి
జడేసుకోడానికి ఎళ్ళిందంటే
ఆ గుంట తల్లి పేరు
సాయంత్రం దాకా వీధిలో నానేది.

ఆమె అద్దం కొట్టదు.
అద్దం కొడితే అది గొడవ.
బానెట్ మీద అరచెయ్యి ఆనించి
"ఆగ్యాఁ, మాఠియా భొరిగలా" అంది,
అయ్యా, మీ కుండ నిండిందని.
ఆయన కళ్ళు తెరవకుండానే
"పైసా దే రహా హూఁ న" అన్నాడు.

నిజమే. కడుతున్నాడు.
నిండిన తర్వాత ఇరవై రెండు నిమిషాలు,
పది పోను అరవై రూపాయలు.
ఆ అరవైలో నా గంట కూడా ఉందని
యాప్‌లో ఎక్కడా చూపించదు.

"మా కాలంలో సిగ్గుకి రేటు లేదు బాబూ,
అందుకే ఎవులూ కొనుక్కోనేకపోయేవోళ్ళు"
అంటూ ముఢీ పొట్లం నా చేతిలో పెట్టింది.

చివరికి ఆయన లేచాడు.
ఆ బరువు కేబులు నేలకి తగలకుండా చుట్టి,
కొక్కేనికి తగిలించి, దుమ్ము దులిపి మరీ వెళ్ళాడు.
నేను దాన్ని ఎన్నిసార్లు
వానలో పడేసి పోయానో.

నా వంతు వచ్చింది.
రాయి తీసి అద్దం దగ్గర పెట్టుకున్నాను.
పది నిమిషాలకి ఇరవై ఆరు శాతం, ఇంటికి సరిపోతుంది.
రేపు ఛత్రపురం బేరం గుర్తొచ్చింది, నలభై అన్నాను.
నా వెనక గుణుపురం డాక్టరమ్మ చిన్న బండి,
ఆమె రాయి వరసలో ఒంటరిగా.
ఎనభై తర్వాత కరెంటు చుక్కచుక్కగా దిగుతుందని తెలుసు.
ఎనభై ఆరు దాకా ఉన్నాను.
డాక్టరమ్మ హారన్ కొట్టలేదు.
చెప్పులు విప్పి, డాష్‌బోర్డు మీద కాళ్ళు చాపి
ఏదో చదువుకుంటోంది.
తవిటమ్మ నన్ను చూడలేదు,
టీ గిన్నె చాలాసేపు తోమింది.
నాకు ఐదు రూపాయల జరిమానా కూడా పడలేదు.
నిండితేనే కదా లెక్క.

తెల్లారి ఛత్రపురం దారిలో
మొదటి గోతికి అద్దం కింద ఏదో దొర్లింది.
బాహుదా రాయి.

ఈపాటికి అక్కడ ఎవరో దిగి ఉంటారు
మూడు శాతంతో.
తవిటమ్మ బుట్టలో చెయ్యి పెట్టి
వెతుకుతూ ఉంటుంది.