గూళ్ళు

ముప్పై ఒక్కేళ్ళు, సెంట్రల్ పక్క ఆర్.ఎమ్.ఎస్. షెడ్డులో
ఉత్తరాల్ని గూళ్ళలోకి విసిరాను.
పదమూడంటే రాయపురం, పదకొండు పెరంబూరు,
ఇరవై ఒకటి చాకలిపేట.
కన్ను పూర్తిగా చదివేలోపే చెయ్యి పంపేసేది.
బుర్ర కూడా అలాంటి బీరువాయే అనుకునేవాణ్ణి.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది.
చెమట. కింద కంసాలి కొట్లోంచి లక్క కరిగిన వాసన,
మెయిలు సంచికి సీలు వేసినప్పటి వాసన.
దాని వెనకాలే రంగనాయకి వచ్చింది,
బీచ్ స్టేషన్లో, వానలో,
టిఫిన్ క్యారియర్ నెత్తిన పెట్టుకుని.
నీలం చీర.

"పోయినేడు ఆకుపచ్చ అన్నావు కదరా,"
అంది మా అక్క పేరిందేవి.
అంతకుముందు చెప్పినప్పుడు
అసలు క్యారియరే లేదట.

తీసిన ఉత్తరాన్ని
ఉన్నదున్నట్టు మళ్ళీ గూట్లో పెట్టలేం.
తీసిన ప్రతిసారీ కొత్త ముద్ర పడుతుంది,
తడి వేలికి సిరా కాస్త అంటుకొస్తుంది,
అడ్రసు మెల్లమెల్లగా
నా దస్తూరీలోకి మారిపోతుంది.

అందుకే ఒక్కటి మాత్రం విప్పలేదు:
స్టాన్లీ ఆస్పత్రిలో, తెల్లవారుజామున
ఆవిడ నాతో అన్న మాట.
ఏ గూట్లో ఉందో చేతికి తెలుసు.
కన్ను అటు తిరక్కముందే
చెయ్యి వెనక్కొచ్చేస్తుంది.