కింది టాన్సిల్

సీసా మీద పేరు నాగుల్‌మీరా, నలభై ఏడు.
పని: మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
ముక్క తీసిన చోటు: పురీషనాళం,
ఆసనానికి ఐదు సెంటీమీటర్ల పైన.
ఫార్మాలిన్ అడుగున
బటాణీ గింజంత.

ఆ చోటికి తెలుగులో పుస్తకం పేరొకటి ఉంది, తిట్టొకటి ఉంది;
మధ్యలో మనిషి నోరారా చెప్పుకోగల మాట లేదు.
కౌంటర్లో ఏసురత్నం అడిగితే
"ఆడ" అన్నాడట, నేల చూస్తూ.
"ఆడ రెణ్ణెల్ల నించి రక్తం."

రెండు నెలలూ నేరం కారం మీదే మోపాడు.
తేజా టిక్కీలు తూచే చేతులకి
అన్నంలో ఎరుపు, ఊపిరిలో ఎరుపు,
కిందికి దిగే ఎరుపూ అదేననుకున్నాడు.
పట్నంబజారులో మొలల మందు,
మజ్జిగ, నానేసిన మెంతులు, ఒక తాయెత్తు.
ఆఖరికి కొత్తపేటలో కెమెరా గొట్టం.
గ్యాస్ట్రో డాక్టరు ఫోన్ చేశాడు:
"నున్నగానే ఉంది మేడం, కానీ నాకు నచ్చలేదు."
నచ్చకపోవడం కూడా ఒక పరీక్షే, మా పనిలో.

ఏసురత్నం మైనంలో పోసి
ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా కోసి
నీళ్ల మీద పరిచాడు.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

కటకం కింద
ఊదారంగు గసాలు, గుమ్మరించినట్టు.
అన్నీ చిన్నవి, గుండ్రటివి, ఒకదాని పోలిక ఒకటి.
ఇంత సైన్యానికి ఇక్కడేం పని?
ఇవన్నీ ఒకే తల్లి పిల్లలా?
ఒకే తల్లి పిల్లలైతే దాని పేరు లింఫోమా.
ఆ పేరు రాయడానికి ఆ సాయంత్రం
నా చెయ్యి సగం దాకా వెళ్లింది.

ఎనిమిదేళ్ల కింద ఒకసారి పూర్తిగా వెళ్లింది.
ఫిరంగిపురం పిల్ల, మెడలో గడ్డ.
రెండో అభిప్రాయం వచ్చేసరికి
ఆమెకి జుట్టు లేదు.

మర్నాడు పొద్దున, లైటు తగ్గించి, మళ్లీ.
గసాల మధ్య గూళ్లు.
ప్రతి గూడూ ఒకవైపు ముదురు, ఒకవైపు లేత,
సగం మాగిన జామకాయలా.
చుట్టూ అంచు. ఎక్కడా తెగలేదు.
లోపల చచ్చిన కణాల్ని మింగుతూ
పెద్ద తెల్ల కణాలు, తెల్లారకముందే
బ్రాడీపేట రోడ్లు ఊడ్చే వాళ్లలా.
కాన్సర్‌కి ఊడ్చుకునే అలవాటు ఉండదు అనుకున్నాను.
ఒక్కోదానికి ఉంటుంది.
అందుకే రంగులకి పంపాను.

మైనపు దిమ్మ హైదరాబాదుకి, కొరియర్లో. తొమ్మిది రోజులు.
బీ కణాలు బీ చోట, టీ కణాలు టీ చోట.
బీసీఎల్-టూ రంగు గూళ్ల చుట్టూ పట్టింది, లోపల పట్టలేదు.
కప్పా, లాంబ్డా కలగలుపు.
ఒకే తల్లి కాదు, ఊరంతా వచ్చింది.
ఎందుకొచ్చిందో తెలియదు.
నా ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిది.

రాశాను: రెక్టల్ టాన్సిల్. కాన్సర్ కాదు.
"కాదు" కింద గీత గీశాను.
రిపోర్టుల్లో గీతలు గీయకూడదు.

అతనే వచ్చాడు. చొక్కా మడతల్లో ఘాటు,
ల్యాబంతా తుమ్మింది.
"గొంతులోది ఆడికెట్టా పోయింది మేడం?"
పోలేదు, అక్కడే పుట్టింది, కాపలాకి.
కాపలా కాస్త ఎక్కువైంది, అంతే.
నవ్వలేదు. గొంతు తడుముకున్నాడు.

"మొన్నాదివారం చీటీ పాడేశా,
పదకొండు వేలు తోసి.
పిల్లల ఫీజులన్నా ఒడ్డున పడతాయని.
ఇంట్లో చెప్పలా, దేనికో.
వారం ముందు చెప్పుంటే..."

నా దగ్గర గూళ్లున్నాయి, అంచుంది, రంగులున్నాయి.
పదకొండు వేలకి చాలే జవాబు లేదు.
ఫిరంగిపురం సంగతి చెప్పబోయి
మింగేశాను.

"ఇప్పుడు చీటీ దేనికి పాడావంటే ఏం చెప్పాల?"
"ఆడ టాన్సిల్ లేచిందని చెప్పు" అన్నాడు ఏసురత్నం,
బ్లేడు తుడుచుకుంటూ.
ముందు ముక్కుతో, ఆనక భుజాలతో
నవ్వాడు నాగుల్‌మీరా.

కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.
మెట్లు దిగుతూ మధ్యలో ఆగాడు.
మడతలు విప్పిన చప్పుడు
నాకు పైదాకా వినిపించింది.