గూడూరులో దిగిన కథ

హెక్సమ్‌లో, అబ్బే వెనక సందులో,
చచ్చిపోయినవాళ్ళ కోట్లూ కప్పులూ అమ్మే దుకాణంలో
గురువారాలు నావి.
ఆ పిల్ల వచ్చింది గురువారమే.
బెథన్ రాబ్సన్, పన్నెండేళ్ళు, బడి టై జేబులో,
అరచేతిలో చెమట పట్టిన ఒక్క పౌండు.

"ఇదొక్కటీ చదివితే సరిపోతుందా,
మిగతావి కూడా కొనాలా?"

అట్ట మీద కొమ్మల కిరీటం, పచ్చటి వెన్నెల,
మూలన చిన్నగా, ఎవరూ చూడకూడదన్నట్టు:
మొదటి భాగం.

మాకు వచ్చేవన్నీ మొదటి భాగాలే.
రెండోవి ఎవరూ దానం చెయ్యరు.
నచ్చితే దాచుకుంటారు, నచ్చకపోతే అక్కడిదాకా వెళ్ళరు.

చదివి చెప్తానన్నాను. ఎందుకన్నానో.
మూడు కూతలకి దించాల్సిన కుక్కర్
ఏడు కూసేదాకా చదివాను.

ఈ ఫెయిరీలకి రెక్కల్లేవు.
కొలను గట్టున చీర మరిచిపోయి
మనిషికి దొరికిపోయే మన దేవకన్యల రకం కాదు.
అబద్ధమాడలేరు, నిజం చెప్పరు,
వడ్డీ వ్యాపారి గుమస్తాలా
ప్రతి మాటకీ నోటు రాయించుకుంటారు.
వాళ్ళింట్లో ఒక్క రేగుపండు నోట్లో వేసుకున్నావా,
నూరేళ్ళ బాకీ.

గుట్ట కిందికి ఎత్తుకుపోయిన చెల్లెల్ని
అక్క వెళ్ళి తెచ్చుకుంది.
మూడు ప్రశ్నలు గెలిచి, జుట్టు కత్తిరించి ఇచ్చి,
తెల్లారేలోగా ఏరు దాటించింది.
పొయ్యి వెలిగింది. రొట్టె కాలింది. తల్లి ఏడ్చింది.
సరే, కథ కంచికి అనుకుంటూ పుస్తకం మూయబోతే
ఆఖరి పేజీలో
గోడ మీద అక్క నీడ ఒక్కటే ఉంది.
చెల్లెలిది లేదు.
తలుపెవరో తట్టారు.
అంతే. తర్వాత తెల్ల కాగితం.

కంచికి టికెట్ కొన్న కథ
గూడూరులో దిగి, ప్లాట్‌ఫారం మీద టీ ఊదుకుంటోంది.
బండి కదిలిపోయింది.
నేను బండిలో ఉన్నాను.

వారమంతా నాతో నేనే వాదించుకున్నాను.
నిలబడుతుంది. పోయిన పిల్ల ఇల్లు చేరింది,
నోము కథకైనా అంతకంటే ఏం కావాలి?
నిలబడదు. తట్టిన తలుపు తియ్యకుండా
ఎవరికి నిద్ర పడుతుంది?
ఒంటిస్తంభపు మేడలో కూర్చున్న రాజు కూడా
స్తంభం గురించే ఆలోచించాడు,
పండులో పురుగు గురించి కాదు.

గురువారం బెథన్ వచ్చింది.
"చివరికి ఇల్లు చేరుతుంది" అన్నాను.
అందులో అబద్ధం లేదు. నిజమూ లేదు.
వాళ్ళ భాష నాకు పట్టుబడుతోంది.
పౌండు గల్లాలో పడింది.

ఆ సాయంత్రం ఊడుస్తుంటే
పుస్తకాల బీరువా కుంటికాలి కింద
తడికి ఉబ్బిపోయిన ఇటుకలాంటిది ఒకటి.
అదే కొమ్మల కిరీటం. మూడో భాగం.
పైకప్పు కారిన ఏడు మార్జరీ పెట్టిందట.
ఇన్నాళ్ళూ మొదటి భాగం ఎవరి మీద నిలబడిందో
అర్థమైంది.
తియ్యలేదు. చీపురు పక్కకి తిప్పుకున్నాను.

మళ్ళీ వారం పిల్ల కనబడింది.
"బాగుంది. అయిపోయింది."
మిగతావి వద్దా?
"ఎందుకు? ఇంటికొచ్చేసిందిగా."
మరి నీడ?
బెథన్ నన్నొకసారి జాలిగా చూసింది.
"నీడేగా" అని
హాల్ట్‌విజిల్ బస్సు కోసం వానలోకి పరిగెత్తింది.

తలుపు మీద బోర్డు తిప్పి, గడియ పెట్టి,
నా వయసుకి తగని పని, మోకాళ్ళ మీద కూర్చున్నాను.
బీరువా కాలెత్తి, దాన్ని లాగి,
బదులు ఒక వంటల పుస్తకం తోశాను. చాల్లేదు.
అరలన్నీ ఒకవైపుకి ఒరిగాయి.
పడలేదు.

రెండోది లేకుండానే మొదలుపెట్టాను.
అతుక్కున్న పేజీల్ని గోటితో విడదీస్తే
మొదటి వాక్యంలోనే
ఆ తలుపు తట్టినవాడు
లోపల కూర్చుని, బూట్లు విప్పి,
ఉప్పందుకోమని అడుగుతున్నాడు.